పాత స్పాంజిని పారేయకండి

కొత్త ఫిల్టరు బిగించగానే నీళ్ళు తేటపడతాయి. తొట్టె అడుగున ఉన్న రాయి మీది గీతలు కూడా కనిపిస్తాయి. మూడో రోజో నాలుగో రోజో చేపలు పైకొచ్చి నోళ్ళు తెరవడం మొదలుపెడతాయి. వారం తిరిగేలోపు ఒక్కొక్కటే తేలిపోతాయి. అశ్వారావుపేటలో అయినా, రాష్ట్ర సరిహద్దు దాటి జంగారెడ్డిగూడెంలో అయినా, ఇంట్లో చిన్న అక్వేరియం పెట్టుకున్నవాళ్ళకు ఇది కొత్త కథేమీ కాదు. పాత మోటారు గరగరమంటోంది, స్పాంజి నల్లబడింది, బుడగలు సన్నగిల్లాయి. ఎలాగూ మారుస్తున్నాం కదా అని తొట్టె మొత్తం ఖాళీ చేసి, గులకరాళ్ళను కుళాయి కింద రుద్ది రుద్ది కడిగి, పాత స్పాంజిని చెత్తబుట్టలో పడేసి, కొత్తది పెట్టారు. శుభ్రానికి లోటేమీ చేయలేదు. అయినా చేపలు పోయాయి. "ఈ ఫిల్టరు మా చేపలకు పడలేదండీ" అని షాపులో చెబుతారు. "నీళ్ళు మార్చి చూడండి సార్" అని షాపాయన అంటాడు.

కొత్త ఫిల్టరులో దోషం లేదు. చేపల్ని ఇన్నాళ్ళూ బతికించినది పాత స్పాంజిలోనూ, ఆ గులకరాళ్ళ మీదా ఉండేది. అది చెత్తబుట్టలోకీ, కాలువలోకీ పోయింది. ఫిల్టరంటే మోటారూ ప్లాస్టిక్ డబ్బా కాదు, దాని లోపల కాపురముండే సూక్ష్మజీవుల గుంపు. డబ్బాను పది నిమిషాల్లో మార్చొచ్చు. ఆ గుంపును మార్చాలంటే వారాలు పడుతుంది. ఈ అధ్యాయమంతా ఆ వారాల గురించే.

ముందు తేట నీళ్ళ సంగతి చూద్దాం. నీళ్ళు తేటగా ఉన్నాయంటే అందులో తేలాడే నలుసులు లేవని మాత్రమే. చేపను చంపేది నలుసు కాదు. మాంసకృత్తులు ఒంట్లో విరిగినప్పుడు మిగిలే నత్రజనిని మనిషి యూరియాగా మార్చి మూత్రంలో వదులుతాడు. చుట్టూ నీళ్ళే ఉన్న చేపకు అంత శ్రమ అక్కర్లేదు. ఎక్కువ భాగాన్ని నేరుగా అమోనియాగానే, అదీ మొప్పల గుండానే, బయటికి పంపేస్తుంది. అమోనియాకు రంగు లేదు. తొట్టెలో ఉండే మోతాదులో మన ముక్కుకు వాసనా తగలదు. మిగిలిపోయి కుళ్ళిన మేత, రాలిన ఆకు, రెట్ట కూడా చివరికి అమోనియానే ఇస్తాయి.

ఎంత అమోనియా? ఇంట్లోనే లెక్క కట్టొచ్చు. చేపల మేత డబ్బా వెనక చూస్తే మాంసకృత్తులు 40 శాతం అటూ ఇటూగా ఉంటాయి. చేపల పెంపకంలో వాడే లెక్క ప్రకారం అలాంటి మేత ఒక గ్రాము వేస్తే దాదాపు 37 మిల్లీగ్రాముల అమోనియా నత్రజని నీళ్ళలోకి చేరుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తున్న తొట్టెలో 56 లీటర్లు పడతాయి. రాళ్ళూ, పైన వదిలే ఖాళీ తీసేస్తే 50 లీటర్లనుకుందాం. రోజుకు ఒక గ్రాము మేత వేస్తే లీటరుకు 0.7 మిల్లీగ్రాములకు పైనే పెరుగుతుంది. మూడు రోజులకు 2 దాటుతుంది. చేపలు మూడో రోజో నాలుగో రోజో పైకొచ్చి నోళ్ళు తెరవడంలో వింతేమీ లేదు.

అదే మేత ఒక పెద్ద చెరువు నీళ్ళలో వేస్తే లెక్కకే రాదు. నీళ్ళు అపారం, చేపలు పలచన, అడుగున మట్టీ రాళ్ళూ కావలసినన్ని. యాభై లీటర్లలో పది చేపల్ని పెట్టుకున్నవాళ్ళకు ఆ వెసులుబాటు లేదు. చిన్న తొట్టె సులువని చాలామంది అనుకుంటారు. నిజానికి కష్టమంతా చిన్న తొట్టెలోనే ఉంది. చెరువులో చేసిన పొరపాటును చెరువే సర్దుకుంటుంది. తొట్టెలో చేసిన పొరపాటు రెండు రోజుల్లో చేప మీద పడుతుంది.

అమోనియా నీళ్ళలో రెండు రూపాల్లో ఉంటుంది. ఒకటి విద్యుదావేశం లేని అమోనియా. ఇది మొప్పల పొరను సులభంగా దాటుతుంది, అసలు విషం ఇదే. రెండోది అమోనియం అయాను. దీనితో ప్రమాదం చాలా తక్కువ. ఏది ఎంత ఉండాలో నీళ్ళ పీహెచ్, వేడి నిర్ణయిస్తాయి. 30 డిగ్రీల నీళ్ళలో పీహెచ్ 7 ఉంటే మొత్తంలో విషరూపం ఒక శాతం కూడా ఉండదు. పీహెచ్ 8కి పెరిగితే అది ఏడున్నర శాతం. పీహెచ్ ఒక్క అంకె మారితే విషం దాదాపు పదింతలైందన్నమాట.

మన వైపు ఇది బాగా గుర్తుంచుకోవలసిన సంగతి. బోరు నీళ్ళు రాతి పొరల్లోంచి వస్తాయి. చాలా చోట్ల ఉప్పదనం, గట్టిదనం ఉంటాయి, పీహెచ్ 7 దాటే ఉంటుంది. పైగా వేసవిలో కొత్తగూడెం, భద్రాచలం ప్రాంతమంతా 44, 45 డిగ్రీలు చూస్తుంది. ఇంట్లో తొట్టె నీళ్ళూ వేడెక్కుతాయి. విదేశీ పుస్తకంలో "ఈ మాత్రం అమోనియా ఫర్వాలేదు" అని రాసి ఉంటే అది వాళ్ళ చల్లటి, మెత్తటి నీళ్ళకు రాసిన మాట కావచ్చు. అశ్వారావుపేటలో మే నెలకు దాన్ని అలాగే అన్వయించకూడదు.

ఈ విషాన్ని తొట్టెలో తీసేస్తున్నదెవరో తెలియాలంటే 1877 నాటి పారిస్‌కు వెళ్ళాలి. నగరపు మురుగునీటిని ఎలా శుభ్రం చేయాలన్న ప్రశ్నతో తియోఫిల్ ష్లోజింగ్, అషీల్ మ్యూంట్జ్ అనే ఇద్దరు రసాయన శాస్త్రవేత్తలు పొడవాటి గాజు గొట్టం నిండా ఇసుక, కొంచెం సున్నపురాయి పొడి నింపారు. పైనుంచి మురుగునీటిని చాలా మెల్లగా వదిలారు. మురుగులో అమోనియా ఉంది. ఇరవై రోజుల పాటు ఎంత అమోనియా పైన పోశారో అంతా కిందికి వచ్చింది. ఆ తర్వాత కింది నీళ్ళలో నైట్రేటు కనిపించింది. రోజురోజుకూ పెరిగింది. చివరికి అమోనియా ఆనవాలు లేకుండా పోయింది.

ఇసుకా సున్నపురాయే ఈ పని చేస్తుంటే మొదటి రోజునే చేసి ఉండాలి. ఇరవై రోజులు ఆగడం దేనికి? ఎవరో పుట్టి పెరుగుతున్నారని వాళ్ళకు అనుమానం వచ్చింది. గొట్టంలోకి క్లోరోఫాం ఆవిరి పంపారు. నైట్రేటు ఆగిపోయింది. అదే ఇసుక, అదే సున్నం, అదే నీళ్ళు, పని మాత్రం జరగడం లేదు. క్లోరోఫాం తీసేశాక కూడా పని మొదలుకాలేదు. అప్పుడు కొంచెం తోట మట్టిని నీళ్ళలో కలిపి, ఆ నీళ్ళను పైనుంచి పోశారు. కొద్ది రోజుల్లో నైట్రేటు మళ్ళీ వచ్చింది. ఇసుక కేవలం ఇల్లు, పని చేస్తున్నది అందులోని ప్రాణులు అని ఆ ప్రయోగం తేల్చేసింది. చేపల తొట్టెలో కొత్త ఫిల్టరు పెట్టిన ప్రతి ఇంట్లోనూ ఈ ప్రయోగమే తెలియకుండా మళ్ళీ జరుగుతోంది. తేడా ఒక్కటే, ఆ గొట్టంలో చేపలు లేవు.

అంతకు చాలా ముందే, లండన్‌లో రాబర్ట్ వారింగ్టన్ అనే రసాయన శాస్త్రవేత్త 1849లో గాజు తొట్టెలో రెండు గోల్డ్‌ఫిష్‌ను, వాలిస్నేరియా అనే పొడవాటి ఆకుల నీటిమొక్కనూ పెంచాడు. తర్వాత నత్తల్ని కూడా వదిలాడు. నత్తలు కుళ్ళిన ఆకును తింటాయి, మొక్క ప్రాణవాయువు ఇస్తుంది, చేప వదిలినది మొక్కకు పనికొస్తుంది. ఇలా నీళ్ళు మార్చకుండానే తొట్టె నిలబడుతుందని 1850లో కెమికల్ సొసైటీకి వివరించాడు. ఇళ్ళలో అక్వేరియం పెట్టుకునే సరదా ఇంగ్లండు అంతటా పాకడానికి ఆ ప్రయోగం ఒక ముఖ్య కారణం. అయితే అమోనియాను తినే సూక్ష్మజీవి ఆయన లెక్కలో లేదు, ఆనాటికి ఎవరి లెక్కలోనూ లేదు. ఆ ఖాళీని పూరించిన వాళ్ళలో ఆయన కొడుకే ఉన్నాడు. ఆయన పేరూ రాబర్ట్ వారింగ్టనే. రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో ఏళ్ళ తరబడి ఇదే పని మీద కూర్చుని, అమోనియా ఒక్క దూకులో నైట్రేటు కాదనీ, ముందు ఒక రకం జీవి దాన్ని నైట్రైటుగా మారుస్తుందనీ, తర్వాత మరొకటి నైట్రైటును నైట్రేటుగా మారుస్తుందనీ చూపించాడు. తండ్రి తొట్టెలో కనిపించకుండా పని చేసినవాటినే కొడుకు పొలం మట్టిలో పట్టుకున్నాడు. విజ్ఞానశాస్త్ర చరిత్రలో నాకు చాలా ఇష్టమైన తండ్రీకొడుకుల జంట ఇది.

ఆ జీవుల్ని విడదీసి పెంచడం మాత్రం చిన్న వారింగ్టన్‌కు సాధ్యపడలేదు. దాన్ని సెర్గీ వినోగ్రాడ్‌స్కీ అనే శాస్త్రవేత్త 1890లో జూరిచ్‌లో సాధించాడు. మామూలు బాక్టీరియాకు పోషకాలతో నిండిన జెల్లీ పెడితే చాలు, పెరుగుతాయి. ఇవి ఆ జెల్లీ మీద పెరగవు. సేంద్రియ పదార్థం ఏమీ లేని సిలికా జెల్ మీద అమోనియా, కొన్ని లవణాలు పెడితేనే పెరిగాయి. వీటికి కావలసింది చక్కెరా మాంసకృత్తులూ కాదు. అమోనియాను ప్రాణవాయువుతో కలిపినప్పుడు వచ్చే కొద్దిపాటి శక్తితో బతుకుతూ, గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో ఒళ్ళు కట్టుకుంటాయి. తిండిలో శక్తి తక్కువ, ఒళ్ళు కట్టుకునే ఖర్చు ఎక్కువ. అందుకే వాటి పెరుగుదల అంత మెల్లన. చేపలు పెంచేవాళ్ళు పట్టవలసిన ఓపికకు మూలం ఇక్కడుంది.

ఆ తర్వాత దాదాపు వందేళ్ళు పుస్తకాలన్నీ ఒకే మాట రాశాయి. అమోనియాను నైట్రోసోమోనాస్ తింటుంది, నైట్రైటును నైట్రోబాక్టర్ తింటుంది అని. ఇప్పటికీ చాలా అక్వేరియం పుస్తకాల్లో అదే ఉంటుంది. 1998లో టిమొతీ హోవనెక్ బృందం మంచినీటి అక్వేరియం ఫిల్టర్లను జన్యుపరీక్షతో చూస్తే నైట్రైటు పని చేస్తున్నది నైట్రోబాక్టర్ కాదనీ, నైట్రోస్పైరా కోవకు చెందినదనీ తేలింది. 2005లో అమెరికాలోని సియాటిల్ ప్రజా అక్వేరియం తొట్టెలోంచి అమోనియా తినే కొత్త జీవిని వేరుచేశారు. అది బాక్టీరియా కూడా కాదు, ఆర్కియా అనే వేరే శాఖకు చెందింది. 2011లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయం వాళ్ళు మామూలు అక్వేరియం ఫిల్టర్లను పరీక్షిస్తే మంచినీటి తొట్టెలు చాలావాటిలో ఆ ఆర్కియాదే పైచేయి. 2015లో ఇంకో విశేషం. అమోనియా నుంచి నైట్రేటు దాకా మొత్తం పని ఒక్కటే చేసుకునే నైట్రోస్పైరా దొరికింది. దాన్ని ప్రకటించిన రెండు బృందాల్లో ఒకటి నెదర్లాండ్స్‌లోని నైమెఖెన్‌ది. వాళ్ళకు అది దొరికింది చేపల పెంపకపు తొట్టె ఫిల్టరులోనే. నూటపాతికేళ్ళుగా ఇద్దరు చేసే పని అనుకున్నదాన్ని ఒక్కరే చేయగలరని చేపల ఫిల్టరు చెప్పింది. మన ముందుగదిలోని ఆ నల్లటి స్పాంజి అంత పరిశోధనకు తగిన వస్తువు.

అశ్వారావుపేట రైతుకు ఈ జీవులతో పరిచయం పాతదే, పేరు తెలియకపోయినా. ఆయిల్ పామ్ పాదులో వేసిన యూరియా మట్టిలో ముందు అమోనియం అవుతుంది. దాన్ని ఇవే జీవులు నైట్రేటుగా మారుస్తాయి. నైట్రేటు మట్టికి అంటుకోదు, నాలుగు వానలకు కిందికి జారిపోతుంది. రైతు పెట్టిన డబ్బూ దానితోనే పోతుంది. 2015లో దేశంలో తయారయ్యే యూరియా మొత్తానికి వేపనూనె పూత తప్పనిసరి చేయడానికి చెప్పిన కారణాల్లో ఇదొకటి. వేప ఈ జీవుల జోరు తగ్గిస్తుంది, నత్రజని అమోనియం రూపంలో మరికొన్నాళ్ళు మట్టిలో నిలుస్తుంది. పొలంలో ఈ జీవులు మెల్లగా పని చేస్తే లాభం, అదే ఊళ్ళో చేపల తొట్టెలో వేగంగా చేస్తే లాభం. ఊళ్ళోనే ఉన్న వ్యవసాయ కళాశాలలో పాఠంగా చెప్పే నత్రజని చక్రమూ, గదిలో బుడగలు పోసే ఫిల్టరూ ఒకటే.

ఇప్పుడు ఆ స్పాంజినే దగ్గరగా చూద్దాం. ఎయిర్ పంపుతో నడిచే స్పాంజి ఫిల్టరును ఆరు నెలల తర్వాత తొట్టెలోంచి మెల్లగా పైకి తీయండి. బయటంతా ముదురు గోధుమరంగు జిగట. తొట్టె నీళ్ళే పట్టిన బకెట్టులో ముంచి ఒకసారి పిండితే మబ్బులాగా మడ్డి దిగుతుంది. ముక్కు దగ్గర పెడితే తొలకరి మట్టి వాసన వస్తుంది. అది ఆరోగ్యం. కుళ్ళిన గుడ్డు వాసన వచ్చిందంటే లోపల గాలాడటం లేదని అర్థం. నాలుగుసార్లు పిండాక మడ్డి పోతుంది గానీ, స్పాంజి మాత్రం కొత్తదానిలా తెల్లబడదు, ముట్టుకుంటే ఇంకా జిడ్డుగానే ఉంటుంది. వాగులో రాయి మీద కాలు పెడితే జర్రున జారుతుంది చూడండి, ఆ జిగట కూడా ఈ కోవదే. మనకు కావలసిన జీవులు ఎక్కువ భాగం స్పాంజి మీది ఆ జిగటలోనే అంటుకుని ఉంటాయి. బకెట్టులోకి పోయింది ఎక్కువగా మడ్డి. కాబట్టి తొట్టె నీళ్ళలో పిండి కడిగితే నష్టం కొద్దిగానే. అదే స్పాంజిని కుళాయి కింద పెడితే వేరే కథ. మిషన్ భగీరథ నీళ్ళు మనం తాగడానికి వచ్చేవి, రోగక్రిములు చావాలని క్లోరిన్ కలుపుతారు. మంచి క్రిమీ చెడ్డ క్రిమీ క్లోరిన్‌కు తేడా తెలియదు.

మార్చే పద్ధతిని పాలు తోడుపెట్టడంతో పోల్చొచ్చు. కొత్త పాలను పెరుగు చేయడానికి పాత పెరుగు చెంచాడు వేస్తాం. కొత్త ఫిల్టరుకూ పాత ఫిల్టరు తోడు కావాలి. పోలిక ఇంతవరకే చెల్లుతుంది. తోడులోని బాక్టీరియా గంట తిరక్కుండానే రెట్టింపవుతాయి, అందుకే రాత్రి పెట్టింది తెల్లారేసరికి గడ్డకడుతుంది. అమోనియా తినేవాటికి అన్నీ అనుకూలించినా ఎనిమిది గంటల నుంచి ఒక రోజు పడుతుంది, తొట్టెలో ఇంకా ఎక్కువే. ఒక్కో రెట్టింపుకు రోజున్నర అనుకుందాం. కొత్త స్పాంజి మీద, దుమ్ములోంచీ నీళ్ళలోంచీ చేరి, కావలసిన జనాభాలో లక్షో వంతు ఉందనుకుంటే పదిహేడు రెట్టింపులు కావాలి, అంటే పాతిక రోజులు. పారిస్ గొట్టం ఇరవై రోజులు ఎందుకు ఆగిందో ఇప్పుడు ఆశ్చర్యం వేయదు. అదే పాత జనాభాలో సగం నిలబెట్టుకుంటే ఒక్క రెట్టింపు చాలు. పాతిక రోజులకూ రోజున్నరకూ మధ్య తేడా అంతా ఆ నల్ల స్పాంజి ముక్కలోనే ఉంది.

కాబట్టి అన్నిటికన్నా మేలైన పద్ధతి, పాతదీ కొత్తదీ కలిపి నడపడం. కనీసం నాలుగు వారాలు, ఆరు వారాలైతే ఇంకా మంచిది. చిన్న తొట్టెలో రెండు ఫిల్టర్లు చూడ్డానికి ఇరుకుగా ఉంటుంది, నిజమే. ఆ నెల ఓర్చుకోవాలి. ఇక్కడ ఒక సంగతి చాలామంది పొరబడతారు. రెండూ కలిసి నడిచినన్నాళ్ళూ జీవుల మొత్తం జనాభా రెట్టింపు కాదు. చేపలు ఇచ్చే అమోనియా అంతే కాబట్టి తినేవాళ్ళూ అంతే ఉంటారు, రెండు ఇళ్ళలో పంచుకుని ఉంటారు. పాతదాన్ని తీసిన రోజున అందులో ఉన్న వాటా పోతుంది. మిగిలినవి పెరిగి ఆ లోటు పూడ్చుకోవాలి. అందుకే ఆరు వారాల తర్వాత తీసినా, ఆ వారం మేత సగానికి తగ్గించడం మంచిది. ఆరోగ్యంగా ఉన్న పెద్ద చేపలు నాలుగు రోజులు సగం మేతతో ఏమీ కావు. మనకే జాలి.

పాత మోటారు కాలిపోయి రెండూ కలిపి నడిపే వీలే లేకపోతే? మోటారు పోయిందంటే స్పాంజి పోయినట్టు కాదు. పాత స్పాంజిని తడి ఆరకముందే కొత్త ఫిల్టరు డబ్బాలో పెట్టేయండి. కొలత సరిపోకపోతే కత్తెరతో కోసి ఇరికించండి. సిరామిక్ రింగులు, బయోబాల్స్ ఉంటే వాటినీ అలాగే మార్చేయండి. డబ్బాలో చోటు లేకపోతే కొత్త ఫిల్టరు నీళ్ళు పీల్చుకునే గొట్టానికి పాత స్పాంజిని తొడిగి దారంతో కట్టండి. గప్పీలున్న తొట్టెలో దీనివల్ల రెండో లాభం ఉంది, పిల్లలు గొట్టంలోకి పీల్చుకుపోకుండా ఉంటాయి. ఇవేవీ కుదరకపోతే పాత స్పాంజిని కొత్త ఫిల్టరు నీళ్ళు పడే చోట ఊరికే వదిలినా ఫలితం ఉంటుంది. పిండిన మడ్డి నీళ్ళు కొంచెం కొత్తదాని మీద పోయడం అన్నిటికన్నా బలహీనమైన తోడు. ఏమీ లేనిదానికంటే నయం.

కొన్ని కొత్త ఫిల్టర్లతో బొగ్గు నింపిన కాట్రిడ్జ్ వస్తుంది. నెలకోసారి తీసి పారేసి కొత్తది వేయమని డబ్బా మీద ఉంటుంది. ఆ మాట వినొద్దని గట్టిగానే చెబుతాను. నెల రోజులు కష్టపడి అందులో స్థిరపడ్డ జీవుల్ని నెల కాగానే పారేయమనడం అది. బొగ్గు తన పని మానేసినా దాని చుట్టూ ఉన్న ఊలు, స్పాంజి పనికొస్తూనే ఉంటాయి. చిరిగిపోయేదాకా పిండుకుని వాడుకోవచ్చు. నలుసులు పట్టే పలచటి దూదిపొరను మాత్రం ఎప్పటికప్పుడు మార్చుకోండి, దాని పని వేరు.

కొత్త ఫిల్టరు కొనేటప్పుడు పెద్దదైతే మంచిదని అనుకోకండి. గంటకు తొట్టె నీళ్ళు నాలుగైదుసార్లు తిరిగితే చాలు. 50 లీటర్లకు గంటకు 200, 250 లీటర్ల మోటారు సరిపోతుంది. ఫైటర్ చేపకు అదీ ఎక్కువే. పొడుగు రెక్కలతో ప్రవాహానికి ఎదురీదలేక మూలకు చేరి నీరసిస్తుంది. దానికి మెల్లగా నడిచే స్పాంజి ఫిల్టరే హాయి.

ఫిల్టరు మార్చే వారంలో ఇంకేదీ మార్చకూడదు. గులకరాళ్ళు కడగొద్దు, కొత్త చేపలు తేవొద్దు, మిథిలీన్ బ్లూ గానీ యాంటీబయాటిక్ గానీ తొట్టెలో పోయొద్దు. రాళ్ళ మీదా, అద్దాల మీదా, మొక్కల ఆకుల మీదా కూడా జీవులు ఉన్నాయి, ఫిల్టరులోవి తగ్గిన రోజుల్లో ఆదుకునేవి అవే. అడుగున ఏమీ పరచకుండా ఒట్టి అద్దం వదిలిన తొట్టెలో ఆ ఆధారం లేదు, అక్కడ ఫిల్టరు మార్పు మరీ జాగ్రత్తగా చేయాలి. మొక్కలు ఒత్తుగా ఉన్న తొట్టె అదృష్టం చేసుకున్నట్టే. మొక్క అమోనియంను నేరుగా పీల్చుకుంటుంది. పెద్ద వారింగ్టన్ తొట్టె నిలబడింది అందుకు కూడా.

నీళ్ళు ఎప్పుడు, ఎంత మార్చాలి? అమోనియా టెస్ట్ కిట్ ఒకటి కొనుక్కోండి, నాలుగు చేపల ఖరీదు అవుతుంది గానీ అంతకంటే ఎక్కువ చేపల్ని కాపాడుతుంది. మొదటి రెండు వారాలు రోజు మార్చి రోజు చూడండి. రంగు కొంచెం తిరిగినా నాలుగో వంతు నీళ్ళు మార్చండి. కుళాయి నీళ్ళయితే క్లోరిన్ విరిచే సోడియం థయోసల్ఫేట్ చుక్కలు వేయాలి. షాపుల్లో అమ్మే యాంటీ క్లోరిన్ మందుల్లో సాధారణంగా ఉండేది అదే.

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఫిల్టరు జీవులు పని చేసేటప్పుడు నీళ్ళలోని క్షారగుణాన్ని తింటాయి. ఒక గ్రాము అమోనియా నత్రజనికి ఏడు గ్రాముల సున్నపురాయికి సమానమైన క్షారత ఖర్చవుతుంది. నెలల తరబడి నీళ్ళు మార్చని తొట్టెలో పీహెచ్ 6.5కు, ఇంకా కిందికి దిగిపోతుంది. అలాంటి తొట్టెలో ఫిల్టరు దెబ్బతిని అమోనియా పోగైనా, అది ఎక్కువగా హానిలేని రూపంలోనే ఉంటుంది కాబట్టి చేపలు నెట్టుకొస్తాయి. చేపలు డల్‌గా ఉన్నాయని ఇంటాయన ఒకేసారి సగం పైగా తీసేసి పీహెచ్ 8 ఉన్న బోరు నీళ్ళు పోస్తాడు. పీహెచ్ అమాంతం పెరుగుతుంది. మిగిలిన అమోనియాలో విషరూపం వాటా పాతిక ముప్ఫై రెట్ల దాకా పెరగొచ్చు. గంటలో చేపలు బోల్తాపడతాయి. నీళ్ళు బాగాలేక పోయాయనుకుంటారు. కొంచెం కొంచెంగా, రోజుకు పదో వంతు చొప్పున మార్చి ఉంటే బతికేవి.

అమోనియా తగ్గాక కిట్‌లో నైట్రైటు కనిపిస్తుంది. రెండో మెట్టు జీవులు ఇంకా సర్దుకోలేదన్నమాట. నైట్రైటు రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుని ప్రాణవాయువు మోయనివ్వదు, రక్తం గోధుమరంగుకు తిరుగుతుంది. నీళ్ళలో గాలి ఎంతున్నా చేప ఎగపోస్తుంది. దీనికి వంటింట్లోనే విరుగుడుంది. అయోడిన్ కలపని కల్లుప్పు లీటరుకు అర గ్రాము, ముందు గ్లాసు నీళ్ళలో కరిగించి పోయాలి. ఉప్పులోని క్లోరైడు మొప్పల దగ్గర నైట్రైటుకు అడ్డుపడుతుంది. ఉప్పు అమోనియాకు మాత్రం మందు కాదు.

ఇక కరెంటు. ఫిల్టరు జీవులకు చేపల్లాగే ప్రాణవాయువు కావాలి. ఎంత కావాలో పై లెక్కతోనే తెలుస్తుంది. ఒక గ్రాము అమోనియా నత్రజనికి నాలుగున్నర గ్రాముల పైగా ఆక్సిజన్ ఖర్చు. మన తొట్టెలో రోజుకు 37 మిల్లీగ్రాములకు దాదాపు 170 మిల్లీగ్రాములు. 30 డిగ్రీల నీళ్ళలో లీటరుకు ఏడున్నర మిల్లీగ్రాములకు మించి ఆక్సిజన్ నిలవదు, 50 లీటర్లలో కలిపి 375. అంటే తొట్టె ఒకసారికి పట్టగలిగిన ఆక్సిజన్‌లో దాదాపు సగం ఈ జీవులే రోజూ వాడుకుంటున్నాయి. చేపల వంతు వేరే. బుడగలు ఆగితే రెంటికీ కష్టమే.

వేసవిలో మధ్యాహ్నం గాలిదుమారానికి కరెంటు పోయి సాయంత్రానికి వస్తే, తొట్టె లోపలే ఉండే స్పాంజి ఫిల్టరుకు పెద్దగా నష్టం లేదు, చుట్టూ నీళ్ళున్నాయి. మూత బిగించిన డబ్బా ఫిల్టరు లోపల మాత్రం ఆ కొద్ది నీళ్ళలోని ఆక్సిజన్ కొన్ని గంటల్లో అయిపోతుంది. కరెంటు రాగానే లోపల కుళ్ళిన నీళ్ళు ఒక్కసారి తొట్టెలో పడతాయి. అందుకని కోత మూడు నాలుగు గంటలు దాటితే మళ్ళీ నడిపే ముందు డబ్బా విప్పి వాసన చూడండి. కంపు కొడితే ఆ నీళ్ళు పారబోసి, స్పాంజిని తొట్టె నీళ్ళలో పిండి, అప్పుడు బిగించండి. మన ఊళ్ళకు బ్యాటరీతో నడిచే చిన్న ఎయిర్ పంపు, దానికో స్పాంజి ఫిల్టరు ఉంటే ఖరీదైన డబ్బా ఫిల్టరు కంటే ఎక్కువ భరోసా అని నా అభిప్రాయం. కొత్తది ఎంత మంచిదైనా, పాత స్పాంజి ఫిల్టరును పూర్తిగా తీసేయాలనే నియమమేమీ లేదు. చిన్న సైజుదైతే తొట్టె వెనక మూల మొక్కల చాటున నడవనివ్వచ్చు.

తీసేయాలనే అనుకుంటే, కిట్‌లో అమోనియా, నైట్రైటు రెండూ వారం పాటు సున్నా చూపించాక తీయండి. తీసిన మర్నాడు, ఆ పై మూడు రోజులు మళ్ళీ చూడండి. ఎక్కడైనా రంగు తిరిగితే పాతదాన్ని మళ్ళీ లోపల పెట్టడానికి వీలుగా, దాన్ని ఆరబెట్టకుండా తొట్టె నీళ్ళు పోసిన బకెట్టులో ఎయిర్ పంపు గొట్టం వేసి ఉంచండి. చిటికెడు మేత రోజూ అందులో వేస్తే జీవులు ఆకలికి తగ్గిపోకుండా ఉంటాయి. పక్కింటివాళ్ళు కొత్తగా తొట్టె పెట్టుకుంటుంటే ఆ స్పాంజిని వాళ్ళకివ్వండి, మీ తొట్టెలో చేపలకు ఈమధ్య తెల్లమచ్చలో రెక్కల కుళ్ళో రాలేదని ఖాయం చేసుకున్నాకే ఇవ్వండి, ఎందుకంటే రోగమూ అదే స్పాంజిలో వెళుతుంది.